ఎలిమెంట్స్ 8లో లేయర్ మాస్క్ ఎక్కడుంది? గ్రూప్ ఫొటోలో తాతయ్య కళ్లు తెరిపించాలి

#1 కోనసీమ_కుర్రాడు

అందరికీ నమస్కారం. మా తాతయ్యకు సహస్ర చంద్ర దర్శనం చేశాం. అరుగు మీద అందరం కూర్చుని తీయించుకున్న గ్రూప్ ఫొటోలు రెండున్నాయి. మొదటిదాంట్లో అందరూ బ్రహ్మాండంగా ఉన్నారు, తాతయ్య ఒక్కరే కళ్లు మూసుకున్నారు. రెండోదాంట్లో తాతయ్య చక్కగా నవ్వుతున్నారు గానీ, పిల్లలు సగం మంది అప్పటికే లేచి పరిగెత్తారు. రెండూ కలిపి ఒకటి చేసి 12×18 ప్రింట్ వేయించాలి.

నా దగ్గరున్నది ఫొటోషాప్ ఎలిమెంట్స్ 8. ఎప్పుడో డ్రాయింగ్ ట్యాబ్లెట్ కొన్నప్పుడు దాంతో పాటు వచ్చిన డిస్క్. రెండు ఫొటోల్నీ పొరలుగా (లేయర్లుగా) ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాంట్లో అక్కర్లేని భాగాన్ని మాస్క్‌తో దాచాలట. వీడియోల్లో అందరూ "లేయర్స్ ప్యానెల్ కింద మాస్క్ బటన్ నొక్కండి" అంటున్నారు. నాకు ఆ బటనే లేదు. విండోస్ 7, 4 జీబీ ర్యామ్. నెలనెలా డబ్బు కట్టే ఫొటోషాప్ నా వల్ల కాదు, దొంగ కాపీ వద్దు. దారి చెప్పండి.

#2 బెజవాడ_బ్యాచిలర్

మాస్కూ వద్దు ఏమీ వద్దు బ్రో. పై లేయర్‌లో తాతయ్యని ఉంచి మిగతాదంతా ఎరేజర్‌తో తుడిచెయ్. పది నిమిషాల పని.

#3 పాత_స్టూడియో

పది నిమిషాల్లో తుడిచేయొచ్చు నాయనా, పదకొండో నిమిషంలో భుజం కూడా తుడుచుకుపోయిందని తెలుస్తుంది. అన్‌డూ కొంత దూరమే వెనక్కి వెళ్తుంది. ఫైల్ మూసి మర్నాడు తెరిస్తే అదీ ఉండదు. మాస్క్‌తో అయితే ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా పోదు. దాగుతుంది, అంతే. నెల తర్వాత తెరిచినా భుజం వెనక్కి తెచ్చుకోవచ్చు.

కుర్రాడా, నీ సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. మామూలు లేయర్‌కి మాస్క్ పెట్టే బటన్ ఎలిమెంట్స్‌లో 9వ వెర్షన్‌తో, అంటే 2010లో వచ్చింది. అసలు ఫొటోషాప్‌లో లేయర్లు 1994లోనే వచ్చాయి గానీ, చవక వెర్షన్‌కి ఈ ఒక్క బటన్ చాలా ఏళ్లు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో మనకు తెలిసిందేలే.

కానీ వాళ్లు ఒక తలుపు తీసే ఉంచారు. అడ్జస్ట్‌మెంట్ లేయర్లకు, అంటే ఫొటోని ముట్టుకోకుండా దాని వెలుతురు, రంగు మార్చే లేయర్లకు, మొదటి నుంచీ మాస్క్ ఉంది. దాన్ని అరువు తెచ్చుకుందాం. అందరూ బాగున్న ఫొటో కింద ఉంచు. లేయర్ మెనూలో న్యూ అడ్జస్ట్‌మెంట్ లేయర్, అందులో లెవెల్స్. ఏ స్లైడరూ కదపకు. ఊరికే ఉండే లేయర్ అది, దాని మాస్క్ మాత్రమే మనకు కావాలి. ఇప్పుడు తాతయ్య నవ్వుతున్న ఫొటోని కంట్రోల్+ఎ, కంట్రోల్+సి చేసి, దీని మీద కంట్రోల్+వితో అతికించు. అది లెవెల్స్ లేయర్ పైన కూర్చోవాలి. కంట్రోల్+జి నొక్కు. ప్యానెల్‌లో పై ఫొటో కొంచెం పక్కకు జరిగి, కిందికి చిన్న బాణం గుర్తు వస్తుంది. ఇక లెవెల్స్ లేయర్ మాస్క్ ఎంత తెల్లగా ఉంటే పై ఫొటో అంత కనబడుతుంది, ఎంత నల్లగా ఉంటే అంత దాగుతుంది. కంట్రోల్+ఐ కొట్టి మాస్క్‌ని మొత్తం నల్లగా చేసి, తెల్ల బ్రష్‌తో తాతయ్య ఉన్న చోట రుద్దు. ఆయన బయటికొస్తారు.

#4 కోనసీమ_కుర్రాడు

గురువుగారూ, బాణం గుర్తు వచ్చింది. కానీ కంట్రోల్+ఐ కొట్టగానే ఫొటో మొత్తం నెగెటివ్‌లా మారిపోయింది! అందరి మొహాలూ నీలంగా, జుట్లు తెల్లగా. ఇంట్లో పిల్లలకి నవ్వే నవ్వు.

#5 వరంగల్_విజువల్స్

అతికించగానే పై ఫొటో లేయరే సెలెక్ట్ అయి ఉంటది అన్నా. కంట్రోల్+ఐ దానికి తగిలింది. కంట్రోల్+జెడ్ కొట్టి వెనక్కి రా, కింద లెవెల్స్ లేయర్‌లో ఉన్న తెల్ల డబ్బా మీద క్లిక్ చెయ్యి, అప్పుడు కంట్రోల్+ఐ. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మాస్క్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇవే. "నల్ల రంగు ఫొటో మీద పడుతోంది" అన్నా, "ఎంత రుద్దినా ఏం కావట్లేదు" అన్నా, ముందు చూడాల్సింది ఏ డబ్బా సెలెక్ట్ అయి ఉందనేదే.

జింప్ అనే ఉచిత ఎడిటర్‌లో అయితే ఇది కంటికి కనబడుతుంది. మాస్క్ మీద పని చేస్తుంటే దాని చుట్టూ తెల్ల అంచు ఉంటది. ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్కే పెద్దగా తెర మీద కనబడి అంచు ఆకుపచ్చగా మారుతుంది. కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే మాస్క్ పనిచేయడం ఆగి అంచు ఎర్రగా అవుతుంది. ఇన్ని తిప్పలు పడే బదులు జింప్ వేసుకోరాదు? పైసా ఖర్చు లేదు. నీ విండోస్ 7కి 2.10 వెర్షన్ నడుస్తది. 2025 మార్చిలో వచ్చిన 3.0 కావాలంటే మాత్రం విండోస్ 10 ఉండాలి. లేయర్ మీద రైట్ క్లిక్, యాడ్ లేయర్ మాస్క్, బ్లాక్ ఎంచుకో, తెల్ల బ్రష్. అయిపాయె. లెవెల్సూ వద్దు, అరువూ వద్దు.

#6 చందు_నెల్లూరు

ఒక్క నిమిషం. ఎలిమెంట్స్ 8లో ఫొటోమెర్జ్ గ్రూప్ షాట్ అని సరిగ్గా ఇదే పనికి ఒక టూల్ ఉంది కదా? ఎలిమెంట్స్ 6 నుంచీ ఉంది. రెండు ఫొటోలు ఇచ్చి, కావాల్సిన మనిషి మీద పెన్సిల్‌తో గీత గీస్తే అదే తెచ్చి అతికిస్తుంది. ఎవరూ చెప్పరేం?

#7 పాత_స్టూడియో

నిజమే చందూ, ఉంది. ముందు అదే ప్రయత్నించమను. ఇద్దరి మధ్య ఖాళీ ఉంటే బాగా చేస్తుంది. అరుగు మీద భుజానికి భుజం ఆనించి కూర్చున్నప్పుడే చిక్కు. తాతయ్య కండువాతో పాటు పక్కనున్న నాయనమ్మ చెయ్యి కూడా లాక్కొస్తుంది, అంచు ఎక్కడ పడాలో మనం చెప్పలేం. పని చివరికొచ్చాక సర్దుకోవాలంటే మళ్లీ మాస్కే కావాలి.

ఇంకో సంగతి. కళ్లు మాత్రమే మార్చకు. రెండు ఫొటోల మధ్య తల అటో ఇటో కాస్త తిరిగి ఉంటుంది. ఒకరి మొహంలో ఇంకొకరి కళ్లు పెట్టినట్టు కనబడుతుంది, చూసినవాళ్లకి ఏం తేడానో తెలియదు గానీ తేడా మాత్రం తెలుస్తుంది. తల మొత్తం తీసుకో. అతుకు ఎక్కడ దాగుతుందో ముందే చూసుకో: కండువా అంచు, చొక్కా కాలర్, వెనక తలుపు చట్రం. వెనక ఖాళీ సున్నం గోడైతే మెత్తటి పెద్ద బ్రష్ చాలు. కండువా అంచు దగ్గర బ్రష్ చిన్నది చేసి, గట్టి అంచుది తీసుకో. మెత్తటి బ్రష్‌తో అంతటా రుద్దితే తల చుట్టూ పొగమంచు పట్టినట్టు ఉంటుంది.

చేత్తో పట్టుకుని తీసిన ఫొటోలైతే రెండూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవు. మాస్క్ నల్లగా చేయకముందే పై లేయర్ బ్లెండింగ్ మోడ్‌ని డిఫరెన్స్‌లో పెట్టు. తేడా ఉన్న చోటల్లా వెలుగుతుంది, కలిసిన చోట నల్లబడుతుంది. మూవ్ టూల్ తీసుకుని, కీబోర్డు బాణాలతో తాతయ్య కూర్చున్న చోట నలుపు వచ్చేదాకా జరుపు. మిగతా ఫొటో కలవకపోయినా పర్లేదు, మనకు కావాల్సింది ఆయన చుట్టుపక్కలే. తర్వాత మోడ్ నార్మల్‌కి మార్చడం మర్చిపోకు.

#8 బెజవాడ_బ్యాచిలర్

సరే ఎరేజర్ మాట వెనక్కి తీసుకున్నా. కానీ నాకో డౌట్ బాబాయ్, కళ్లు మూసుకున్న ఫొటోని తెరిచినట్టు మార్చడం మోసం కాదా?

#9 పట్టుచీరల_అక్క

ఆయన నవ్వింది నిజం, పిల్లలు కూర్చుంది నిజం. కొన్ని సెకన్ల తేడా. పేపర్‌లో వేసే వార్తా ఫొటో అయితే తప్పే. ఇంట్లో హాల్లో తగిలించుకునేదానికి ఏం మోసం బాబూ?

నాదీ ఒక ప్రశ్న ఉంది, కుర్రాడు అడ్డుకోడని అడుగుతున్నా. ఇంటి దగ్గర నుంచి చీరలు అమ్ముతాను. మా అమ్మాయే కట్టుకుని నిలబడుతుంది, తెల్ల గోడ ముందు ఫొటో తీసి, వెనక వేరే రంగు పెడతాను. బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీలో చేస్తున్నా. చీర అంచు బాగానే వస్తుంది. జుట్టు దగ్గరికొచ్చేసరికి తెల్లటి గీత చుట్టూ కనబడుతుంది. పువ్వులు పెట్టుకుంటే మరీ ఘోరం.

#10 వరంగల్_విజువల్స్

అక్కా, దీనికి కొంచెం ఓపికగా రాస్తా.

మాస్క్ అంటే వేరే వస్తువేం కాదు, అదీ ఒక నలుపు తెలుపు ఫొటోనే. మామూలు ఎనిమిది బిట్ల మాస్క్‌లో 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. 0 అంటే పూర్తిగా దాగింది, 255 అంటే పూర్తిగా కనబడింది, 128 దగ్గర సగం పారదర్శకం. ఫొటో కాబట్టి ఫొటోకి చేసే పనులన్నీ దానికీ చేయొచ్చు. మీ తెల్ల గీతకి మందు అదే. మాస్క్ సెలెక్ట్ చేసి ఒకటి రెండు పిక్సెల్స్ గాసియన్ బ్లర్ (మసకబార్చే ఫిల్టర్) ఇవ్వండి. అంచులో బూడిద రంగు వస్తుంది. ఇప్పుడు మాస్క్ మీదే లెవెల్స్ తెరిచి ఎడమ చివరున్న నల్ల స్లైడర్‌ని కుడికి జరపండి. ఆ బూడిదంతా నల్లబడుతుంది, అంటే అంచు లోపలికి కుంచించుకుపోతుంది, దాంతో పాటు గోడ తెలుపూ పోతుంది. ఎక్కువ జరిపితే చెవులు కూడా పోతాయి, చూసుకోండి.

జుట్టుకి మాత్రం బ్రష్ పట్టుకోవద్దు. నల్ల జుట్టు, తెల్ల గోడ అంటే సగం మాస్క్ కెమెరానే చేసి ఇచ్చినట్టు. జింప్‌లో యాడ్ లేయర్ మాస్క్ అన్నప్పుడు గ్రేస్కేల్ కాపీ ఆఫ్ లేయర్ అని ఒక ఆప్షన్ ఉంటది. ఫొటోనే నలుపు తెలుపు చేసి మాస్క్‌గా పెడుతుంది. గోడ తెల్లగా, జుట్టు నల్లగా ఉంటది, మనకు కావాల్సింది దానికి తిరగేసింది కాబట్టి ఇన్వర్ట్ చేయాలి. తర్వాత లెవెల్స్‌తో గోడని పూర్తి నలుపుకి, జుట్టుని పూర్తి తెలుపుకి తోయాలి. ఎగిరే వెంట్రుకలు కూడా వస్తాయి. మొహం, చీర బూడిదగా మిగులుతాయి, వాటిని తెల్ల బ్రష్‌తో నింపేయండి. ఫోటోపీలో అయితే ఛానెల్స్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఉంటాయి) జుట్టుకీ గోడకీ తేడా ఎక్కువున్న ఛానెల్ చూసుకుని అదే పని చేయొచ్చు.

ఇక పువ్వులు. తెల్ల గోడ ముందు మల్లెపూలు పెట్టుకుంటే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదక్కా. గోడా తెలుపే, మల్లెలూ తెలుపే. అక్కడ బ్రష్‌తో ఒక్కో పువ్వు చుట్టూ తిరగాల్సిందే.

#11 పట్టుచీరల_అక్క

అయితే కనకాంబరాలు పెట్టమంటా 😄 మల్లెలు మానుకోం గానీ, గోడే మార్చుకోవాలి కదా?

#12 పాత_స్టూడియో

అదే సరైన మాటమ్మా. చీరలో లేని రంగు గుడ్డ ఒకటి, నలగకుండా ఇస్త్రీ చేసి వెనక కట్టు. లేత నీలమో, పచ్చో. జుట్టూ విడిపోతుంది, మల్లెలూ విడిపోతాయి, రంగుని బట్టి సెలెక్ట్ చేసే టూల్‌తో పని తేలిక. అమ్మాయిని గుడ్డకి మూడు నాలుగు అడుగులు ముందుకు నిలబెట్టు. లేకపోతే ఆ రంగు చెంపల మీద, జరీ అంచు మీద పడుతుంది. జరీ అద్దం లాంటిది, పక్కన ఏ రంగుంటే అది లాక్కుంటుంది. దీని మీద గంట ఎక్కువ పెడితే కంప్యూటర్ దగ్గర రోజు మిగులుతుంది.

మేం నెగెటివ్‌ల కాలంలో ఈ పనే చేత్తో చేసేవాళ్లం. డార్క్‌రూమ్‌లో కాగితం మీద వెలుగు పడుతుండగా, తీగకి గుండ్రటి అట్టముక్క అంటించి మొహం మీద నీడ పడేలా ఆడించేవాళ్లం, మొహం నల్లబడకుండా. ఆపకుండా కదుపుతూ ఉండాలి, ఆగితే అంచు పడిపోతుంది. ఫొటోషాప్‌లో డాడ్జ్ టూల్ బొమ్మ చూడండి, ఆ అట్టముక్కే. బర్న్ టూల్‌కి చెయ్యి బొమ్మ ఉంటుంది, అదీ మా చెయ్యే. ఒక్క తేడా, మాకు అన్‌డూ లేదు. కాగితం పారేయడమే.

#13 రామప్ప_యాత్రికుడు

బాబాయ్ డార్క్‌రూమ్ అన్నారు కాబట్టి నాదీ చెప్తా. రామప్ప గుడి లోపల ఆ నల్లరాతి స్తంభాలు కనబడేలా తీస్తే బయట ఆకాశం తెల్ల కాగితం. ఆకాశం కోసం తీస్తే లోపల చీకటి. రెండు ఎక్స్‌పోజర్లూ తీశాను. జింప్‌లో బ్రష్‌తో స్తంభాల మధ్య రుద్దలేక చచ్చాను. శిల్పాల అంచులు ఎన్నని?

#14 వరంగల్_విజువల్స్

మా ఊరి పక్క గుడికి వచ్చి అడగకుండా పోతారా 😀 ఇది పైన చెప్పినదానికి చుట్టమే. వెలుతురు ఎక్కువున్న ఫొటో కింద, చీకటి ఫొటో పైన పెట్టండి. పైదానికి గ్రేస్కేల్ కాపీ మాస్క్ పెట్టండి. ఈసారి ఇన్వర్ట్ వద్దు. ఆకాశం దగ్గర మాస్క్ తెల్లగా ఉంటది కాబట్టి చీకటి ఫొటోలోని ఆకాశం కనబడుతుంది. స్తంభాల దగ్గర నల్లగా ఉంటది కాబట్టి కింది ఫొటోలోని స్తంభాలు కనబడతాయి. బ్రష్‌తో పని లేదు, గుడే తన మాస్క్ తాను గీసుకుంటుంది.

అలా వదిలేస్తే ఫొటో చప్పగా, బూడిద పూసినట్టు ఉంటది. మాస్క్‌కి బ్లర్ ఇవ్వండి, ఇరవై ముప్పై పిక్సెల్స్ నుంచి మొదలుపెట్టి చూడండి. బ్లర్ ఎక్కువైతే స్తంభం అంచున వెలుగు చార వస్తుంది, అది కనబడగానే కొంచెం తగ్గించండి. చేత్తో పట్టుకుని తీసినవైతే ముందు హ్యూజిన్‌లో రెండూ కలిపి కూర్చోబెట్టుకోండి, అదీ ఉచితమే.

#15 చందు_నెల్లూరు

ఇంతకీ పెయింట్ డాట్ నెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. తేలికగా ఉంటుంది, పాత కంప్యూటర్‌లో పరిగెడుతుంది.

#16 వరంగల్_విజువల్స్

మాస్క్ లేదు. ప్లగిన్‌లతో నెట్టుకురావాలి. అందుకే మాట్లాడలేదు.

#17 గోదారి_ఆల్బమ్స్

ఉచితం ఉచితం అంటున్నారు, రోజూ పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాడిగా నా మాట కూడా వినండి. మాకు కరిజ్మా ఆల్బమ్ షీట్ 12×36 అంగుళాలు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) లెక్కేస్తే 3600 బై 10800 పిక్సెల్స్, దగ్గర దగ్గర 39 మెగాపిక్సెల్స్, అందులో పది పదిహేను మాస్క్ లేయర్లు. ఫోటోపీ పీఎస్‌డీ (లేయర్లు అలాగే దాచే ఫొటోషాప్ ఫైల్) టెంప్లేట్‌ని మాస్క్‌లతో సహా చక్కగా తెరుస్తుంది, ఫైల్ మన కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు కూడా. కానీ ఇంత షీట్ బ్రౌజర్‌లో పెడితే 4 జీబీ మిషన్ మూలుగుతుంది. ఒక్క చీర ఫొటోకి అది చాలు, ఆల్బమ్‌కి చాలదు.

అఫినిటీ అనే ఎడిటర్‌ని 2025 అక్టోబర్ చివర నుంచి ఉచితం చేశారు, కాన్వా ఖాతా ఉంటే చాలు. మాస్క్‌లు, అడ్జస్ట్‌మెంట్ లేయర్లు అన్నీ ఉన్నాయి. కొత్త మిషన్ ఉన్నవాళ్లకి నేనైతే అదే చెప్తా. ఎలిమెంట్స్ ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు ఒకటి చూసుకోండి, 2025 వెర్షన్ నుంచి అది మూడేళ్ల లైసెన్సే. కుర్రాడి పాత డిస్క్‌లా కలకాలం ఉండదు.

#18 బెజవాడ_బ్యాచిలర్

కంప్యూటర్ లేనివాళ్ల సంగతేంటి? నాకున్నది ఫోనే.

#19 చందు_నెల్లూరు

స్నాప్‌సీడ్ యాప్. మొదటి ఫొటో తెరువు, డబుల్ ఎక్స్‌పోజర్‌లో రెండోది వేసి ఒపాసిటీ చివరిదాకా పెంచి టిక్ కొట్టు. తర్వాత వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్లి ఆ డబుల్ ఎక్స్‌పోజర్ మీద నొక్కితే బ్రష్ గుర్తు వస్తుంది. దాంతో రుద్దిన చోటే రెండో ఫొటో కనబడుతుంది. పేరు మాస్క్ అని పెట్టలేదు గానీ అదే. వేలితో రుద్దాలి కాబట్టి బాగా జూమ్ చేసుకో.

#20 కోనసీమ_కుర్రాడు

వచ్చేసింది! తాతయ్య వచ్చేశారు. కండువా అంచు దగ్గర అతుకు నాకే కనబడటం లేదు. ఒక్కటే, రెండో ఫొటో తీసేటప్పుడు మబ్బు పట్టినట్టుంది, తాతయ్య మాత్రం కొంచెం మసకగా ఉన్నారు. పై ఫొటో ఒక్కదాన్నే వెలిగించడం ఎలా? ఇంకోటి, ఫైల్‌ని జేపీజీగా సేవ్ చేస్తే మాస్క్ ఉంటుందా?

#21 పాత_స్టూడియో

శభాష్. పై ఫొటో మీద ఇంకో లెవెల్స్ లేయర్ వేసి, దాన్నీ కంట్రోల్+జితో కింద ఉన్నదానికి కట్టెయ్. అప్పుడు అది తాతయ్య ఫొటోనే మారుస్తుంది, మిగతావాళ్ల జోలికి పోదు. మధ్య స్లైడర్‌ని ఎడమకి కొంచెం జరుపు. పక్కవాళ్ల తెల్ల చొక్కాలతో పోల్చి చూసుకో, మొహాలతో కాదు. మొహం రంగు మనిషికో తీరుగా ఉంటుంది, మోసపోతావు.

జేపీజీలో లేయరూ ఉండదు, మాస్కూ ఉండదు, అన్నీ కలిసిపోతాయి. ముందు పీఎస్‌డీగా దాచుకో, ల్యాబ్‌కి పంపడానికి విడిగా జేపీజీ తీసుకో.

#22 కోనసీమ_కుర్రాడు

పీఎస్‌డీ దాచాను. వరంగల్ అన్న మాట విని జింప్ 2.10 కూడా వేసుకున్నా. ఆ పీఎస్‌డీని జింప్‌లో తెరిస్తే మాస్క్ పని చేయట్లేదు, పై ఫొటో మొత్తం కనబడుతోంది. ఫైల్ పాడైందా?

#23 వరంగల్_విజువల్స్

పాడవలేదు. జింప్‌లో అడ్జస్ట్‌మెంట్ లేయర్ అనేదే లేదు. మనం మాస్క్‌ని దాని దగ్గరే అరువు తెచ్చుకున్నాం కదా, అప్పిచ్చినవాడే లేకపోతే అప్పెక్కడిది? ఆ ఫైల్‌ని ఫోటోపీలో తెరువు, దానికి రెండూ అర్థమవుతాయి. లెవెల్స్ మాస్క్ మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే అది సెలెక్షన్‌గా మారుతుంది. తాతయ్య ఫొటో లేయర్ సెలెక్ట్ చేసి, కింద మాస్క్ బటన్ నొక్కు. ఇప్పుడు ఫొటోకి సొంత మాస్క్ వచ్చింది. కంట్రోల్+జితో కట్టిన క్లిప్పింగ్ విడదీసి, ఊరికే పడున్న ఆ కింది లెవెల్స్ తీసెయ్యి. వెలుతురు కోసం పైన వేసిన రెండో లెవెల్స్‌ని తాతయ్య లేయర్‌లోకే మెర్జ్ డౌన్ చెయ్యి, అంటే కిందిదాంతో కలిపెయ్యి. మెర్జ్ చేసేటప్పుడు మాస్క్ కలిసిపోయిందంటే కంట్రోల్+జెడ్ కొట్టి, ముందు మెర్జ్ చేసి తర్వాత మాస్క్ పెట్టు. వేరే పేరుతో పీఎస్‌డీగా దించుకుని జింప్‌లో తెరువు.

#24 గోదారి_ఆల్బమ్స్

పాత పీఎస్‌డీ మాత్రం తీసేయకు తమ్ముడూ. 12×18 ల్యాబ్‌కి పంపే ముందు, కలర్ ప్రొఫైల్ (ఫైల్‌లో రంగుల్ని ఎలా చదవాలో చెప్పే సమాచారం) ఏది కావాలో వాళ్లనే అడుగు. చెప్పకపోతే ఎస్‌ఆర్‌జీబీలో ఇచ్చెయ్.